నెల్లూరులో సెంటర్, చెన్నైలో గార్డ్

చిరంజీవి మేనల్లుడికి, పెరంబూర్ నుంచి మీ అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. అందులో ఇరవై నిమిషాలు తిట్లే. "వాడు బాస్కెట్‌బాల్ పట్టుకుని చెన్నై పోతానంటున్నాడు, అంతా నిన్ను చూసే" అన్నాడు. నేను నోరు మెదపలేదు. 1986లో ఇదే తిట్టు మా నాన్న దగ్గర నేనూ తిన్నాను, అప్పుడు మీ నాన్న పక్కనే నిలబడి నవ్వాడు. ఆ సంగతి మాత్రం ఆయనకు గుర్తుండదు.

నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న. కాలేజీ వాళ్లు హాస్టల్‌తో సహా ఫ్రీ సీటు ఇస్తామంటున్నారు, అది తీసుకోవాలా, లేక చదువు పక్కన పెట్టి లీగ్ ట్రయల్స్‌కి తిరగాలా అని. సీటు తీసుకో. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె నుంచి వెళ్లిన సత్నామ్ సింగ్‌ని 2015లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలోని డల్లాస్ మావెరిక్స్ జట్టువాళ్లు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, 52వ వాడిగా తీసుకున్నారు. ఇండియాలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి ఎక్కిన మొదటివాడు. ఏడడుగులు దాటిన మనిషి. అయినా ఎన్‌బీఏలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. ఇక ఇక్కడి లీగులంటావా, 2015లో యూబీఏ మొదలైంది, రెండు మూడేళ్లకే ఆగిపోయింది. తర్వాత ఐఎన్‌బీఎల్ వచ్చింది, మనకు చెన్నై హీట్ అని జట్టు కూడా ఉంది. పిలిస్తే వెళ్లి ఆడు, నేనే వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. కానీ కొన్ని వారాల లీగ్‌ని నమ్ముకుని ఇంటి అద్దె కట్టలేం.

మరి మనవాళ్లంతా ఎలా బతికారు? ఆటతో ఉద్యోగం తెచ్చుకుని, ఆ ఉద్యోగంలో ఉంటూ ఆడారు. ఇండియా కెప్టెన్‌గా ఆడిన విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ మనిషి. మన చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై, 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆవిడా, కేరళ నుంచి వచ్చిన గీతు అన్నా జోస్ కూడా దక్షిణ రైల్వే జట్టు వాళ్లే. ఈ ఊళ్లో బ్యాంకుల జట్లు, రైల్వే జట్లు, రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్, కస్టమ్స్, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇలా ఎన్ని ఉన్నాయో నువ్వు వచ్చాక చూస్తావు. మన దగ్గర ప్రొఫెషనల్ ప్లేయర్ అంటే ఒకటో తారీఖున జీతం పడే ప్లేయర్ అనే అర్థం చేసుకో.

అందుకే ఇప్పుడు కాగితాల గురించి చెప్తాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి సర్టిఫికెట్ ఫారాలు ఉంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు ఫారం 2, యూనివర్సిటీ పోటీలకు ఫారం 3, స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. నువ్వు స్కూల్ నేషనల్స్ ఆడావు కదా, ఫారం 4 ఉందా అని మీ నాన్నని అడిగాను. "బీరువాలో ఉందిలే" అన్నాడు. ఫొటో పంపించమంటే పంపింది రంగుల బోర్డర్ ఉన్న పార్టిసిపేషన్ సర్టిఫికెట్! అది గోడకి తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. సంతకం పెట్టాల్సిన వాళ్లు మారిపోకముందే వెళ్లి ఫారం రాయించుకో. కాలేజీ సీటు తీసుకోమనడానికి సగం కారణం ఇదే. అక్కడ చేరితే యూనివర్సిటీ జట్టు, అక్కడి నుంచి ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ. ఉద్యోగాల సెలెక్షన్ వాళ్లు కళ్లు పెట్టేది అక్కడే.

ఇప్పుడు నీ ఆట సంగతి. నువ్వు పంపిన వీడియోలు మూడుసార్లు చూశాను. ఆరడుగుల ఒక అంగుళం ఉన్నావు, నెల్లూరులో నీకంటే పొడుగువాడు లేడు కాబట్టి నిన్ను రింగు కింద సెంటర్‌గా నిలబెట్టారు. రీబౌండ్ పట్టడం, అక్కడికక్కడే వేసేయడం. బాల్‌ని నేలకి కొడుతూ రెండుసార్లు డ్రిబుల్ చేస్తే దాని వైపే చూస్తున్నావు. ఇక్కడికి వస్తే నీ మీద ఆరడుగుల ఏడంగుళాల వాడు నిలబడతాడు. ఇక్కడ నువ్వు గార్డువి, అంటే బాల్‌ని ముందుకి నడిపించేవాడివి. ఆ మాట మొదటి రోజు కోచ్ చెప్పేదాకా ఆగకుండా ఈ మూడు నెలల్లోనే మారడం మొదలుపెట్టు. ఎడమ చేత్తో డ్రిబ్లింగ్, తల ఎత్తి, రోజూ అరగంట. ఆ తర్వాత లేఅప్‌లు, అంటే రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్లు, అవి కూడా ఎడమ చేత్తోనే. పొడుగు లేదని దిగులు వద్దు, అయిదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. కానీ బాల్ అతని చేతికి అతుక్కుపోయి ఉండేది, అది మర్చిపోకు.

షూటింగ్ కూడా. మా రోజుల్లో త్రీ పాయింట్ లైన్ 6.25 మీటర్లు, ఇప్పుడు 6.75. మాకు షాట్ వేయడానికి 30 సెకన్లు ఉండేవి, మీకు 24. అరమీటరు వెనక్కి పోయింది, ఆరు సెకన్లు తగ్గాయి. ఆలోచించుకుంటూ నిలబడే తీరిక లేదు. ప్రాక్టీస్ అయిపోయి ఒళ్లు అలిసిపోయాక ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు, వేయి, తాజాగా ఉన్నప్పుడు కాదు. మ్యాచ్‌లో ఫ్రీ త్రో వచ్చేది ఊపిరి అందనప్పుడే.

తమిళం నేర్చుకో, త్వరగా. నవ్వకు, ఇది ఆటకి సంబంధించిన సలహానే. డిఫెన్స్ సగం నోటితోనే ఆడతారు. వెనక నుంచి స్క్రీన్, అంటే నీ దారికి అడ్డంగా నిలబడే అవతలివాడు, వస్తోందని మనవాడు అరిచి చెప్పాలి, నీకు ఒక్క క్షణంలో అర్థం కావాలి. నేను వచ్చిన మొదటి నెలలో ఒక మ్యాచ్‌లో వెనక నుంచి మా సెంటర్ "వలదు! వలదు!" అని అరిచింది. తమిళంలో వలదు అంటే కుడివైపు. మన తెలుగు మేష్టారు చెప్పిన పద్యాల పుణ్యమా అని నాకు మాత్రం "వద్దు, వద్దు" అన్నట్టు వినబడింది. ఎందుకు వద్దంటోందో అని బుద్ధిగా నిలబడిపోయాను. అవతలి పిల్ల నా కుడి పక్క నుంచే దర్జాగా వెళ్లి రెండు పాయింట్లు వేసుకుంది. నేను రిటైరయ్యే రోజు దాకా నన్ను ఆఫీసులో ఆ పేరుతోనే పిలిచేవాళ్లు.

మోకాలి సంగతి రాయకూడదనుకున్నాను గానీ రాయాలి. ఇక్కడ చాలా కోర్టులు ఆరుబయట సిమెంటువే. ఎండకి తట్టుకోలేక మ్యాచ్‌లు సాయంత్రం దీపాల కింద పెడతారు, కార్తీక మాసం వానలకు నేల తడిసి జారుతుంది. 1995లో అలాంటి నేల మీదే ఎగిరి దిగాను, లోపల టప్‌మంది. చుట్టూ వాచింది. మర్నాడు సెమీఫైనల్. అప్పటి మేనేజర్ ఒకాయన "గట్టిగా కట్టు కట్టుకుని ఆడు" అన్నారు. ఆడాను. తర్వాత డాక్టర్ దగ్గరికి పోకుండా ఒక నాటుకట్టు ఆయన దగ్గర నూనె రాయించుకున్నాను. మూడు వారాలకు నొప్పి తగ్గింది, నయమైందనుకున్నాను. తెగిన లిగమెంట్ నూనెకి అతుక్కోదని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. మళ్లీ ఎగిరినప్పుడు పక్కనున్న మెత్తటి ఎముక కూడా పోయింది. నా వయసు 27. ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటిగా దిగుతాను.

కాబట్టి టప్‌మన్నదంటే ఆట ఆపేయి, ఎవరు ఏమన్నా సరే. స్కాన్ తీయించుకో. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్‌కి ఆపరేషన్ అయితే మళ్లీ కోర్టు మీదకి రావడానికి కనీసం తొమ్మిది నెలలు పడుతుంది, అది ముందే మనసులో పెట్టుకుంటే తొందరపడవు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు వంచి దిగు, అవి లోపలికి వాలకూడదు. వీడియోలో నీ కుడి మోకాలు వాలుతోంది, నేను చూశాను. ఒంటికాలి మీద కూర్చుని లేవడం రోజూ చెయ్యి.

జిమ్‌లో ఎవరో డబ్బా ఇచ్చి "పౌడర్ మంచిది అన్నా" అంటారు. తాగకు. పైన చెప్పిన సత్నామ్‌నే 2019లో బెంగళూరు క్యాంపులో పరీక్ష చేస్తే హైజెనమైన్ అనే నిషిద్ధ పదార్థం దొరికిందని రెండేళ్లు ఆట నుంచి నిషేధించారు. తెలిసి వేసుకున్నావా తెలియక వేసుకున్నావా అన్నది తర్వాతి మాట, ఒంట్లో ఏముందో దానికి నువ్వే బాధ్యుడివి. జలుబు మందు రాసినా డాక్టర్‌కి ముందు "నేను ప్లేయర్‌ని" అని చెప్పు. తిండికి ఏం లోటు, కోడిగుడ్లు, సుండల్, పెసరట్టు, రాత్రి పెరుగన్నం చాలు. నిద్ర మాత్రం ఎనిమిది గంటలకు తగ్గకూడదు. ఫోన్ హాల్లో పెట్టి పడుకో.

డబ్బు గురించి ఒక్క మాట. టోర్నమెంట్లలో వచ్చే క్యాష్ ప్రైజులు చేతికి రాగానే షూలకి పోస్తారు పిల్లలు. ఒక మంచి జత కొను, చీలమండ నిలిచేది. మిగతాది మీ అమ్మకి పంపించు, ఆవిడ దాచినంత బాగా నువ్వు దాచలేవు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆయన కోపమంతా నువ్వు మధ్యలో వదిలేస్తావేమోననే టెన్షన్. డిగ్రీ కూడా చేస్తున్నావని వింటే మెత్తబడతాడు.

జూన్‌లో వచ్చేటప్పుడు సెంట్రల్‌లో దిగి లోకల్ ట్రైన్ పట్టుకో, నేను పెరంబూర్ స్టేషన్ బయట ఉంటాను. ఫారం 4 ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, మడత పెట్టకు. మీ అమ్మని గూడూరు నిమ్మకాయల పచ్చడి ఒక సీసా ఇవ్వమను. మర్నాడు పొద్దున్నే ఆరింటికి మన వీధి చివరి కోర్టుకి వెళ్దాం, నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను, నువ్వు ఎడమ చేత్తో వంద లేఅప్‌లు వేసి చూపించు.

ఇట్లు,
మీ అత్త