ఫోర్క్‌లిఫ్ట్ పాదం మీద ఎక్కింది, 50 వేలకి సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మా తమ్ముడికి 30 ఏళ్లు. మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్‌లో కాంట్రాక్టర్ కింద పని, ఓటీ కాకుండా జీతం 24 వేలు. 2025 ఆగస్టులో ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్‌లో వచ్చి పాదం మీద ఎక్కింది, సగం పాదం తీసేశారు. సేఫ్టీ షూ వేసుకోలేదు, తప్పు నీదే అంటూ 50 వేలిచ్చి స్టాంప్ పేపర్ మీద సంతకం అడుగుతున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: ముందు ఆ సంతకం ఆపించండమ్మా. నష్టపరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదు, కానీ ఒకసారి పెట్టాక దాని మీద వాదించుకుంటూ కూర్చోవాలి, ఎందుకా తలనొప్పి.

జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండకపోవచ్చు, పే స్లిప్‌లో కటింగ్ ఉందేమో మాత్రం ఒకసారి చూడండి, ఉంటే ఈఎస్ఐ దగ్గరికే వెళ్లాలి. లేకపోతే 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం ఉంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది గానీ మీ యాక్సిడెంట్ అంతకు ముందుదే కాబట్టి పాతదే.

లెక్క చూడండి. జీతం 15 వేలు దాటినా 15 వేలకే లెక్కిస్తారు, అందులో 60 శాతం 9 వేలు, వయసును బట్టి చట్టం ఇచ్చిన ఫ్యాక్టర్ 30 ఏళ్లకి 207.98, గుణిస్తే 18,71,820. సంపాదన శక్తి పూర్తిగా పోతే వచ్చేది అది. పాదం మధ్యలోంచి తీసేస్తే 50 శాతం పోయినట్టని చట్టంలోని షెడ్యూలే చెబుతుంది, అంటే 9,35,910. వాళ్లిస్తామనేది 50 వేలు! వైద్యం ఖర్చులు దీనికి అదనం. సదరం సర్టిఫికెట్‌లో ఉండేది వైకల్యం శాతం, ఇక్కడ కావాల్సింది సంపాదన శక్తి ఎంత పోయిందని, అది షెడ్యూల్ ప్రకారం తేలాలంటే పాదం ఎక్కడి వరకు తీసేశారో డాక్టర్ చేత స్పష్టంగా రాయించుకోండి.

షూ సంగతంటారా, వేసుకోమని స్పష్టంగా చెప్పినా కావాలనే వేసుకోలేదని వాళ్లే నిరూపించాలి, అసలు షూ ఇచ్చారా అని అడగండి. కాంట్రాక్టర్ మనిషి, మాకు సంబంధం లేదని గోడౌన్ ఓనర్ అంటాడు చూడండి, అది కుదరదు, అదే పాత చట్టం సెక్షన్ 12 కింద ఆయన మీదా క్లెయిమ్ వేయొచ్చు. బండి యాక్సిడెంటే కదా అని మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి మాత్రం వెళ్లకండి, ఆవరణ లోపలే తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ ఆ చట్టంలో మోటార్ వాహనం కిందికి రాదు.

లేబర్ డిపార్ట్‌మెంట్‌లో కాంపెన్సేషన్ కమిషనర్ దగ్గర 2027 ఆగస్టు లోపు వేయాలి. ఆలస్యం చేసినందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా అడగండి. ఈలోగా ఆ రోజు సీసీటీవీ ఫుటేజ్ చెరిపేయొద్దని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్త చేయండి, పక్కనున్న హమాలీల ఫోన్ నంబర్లు రాసిపెట్టుకోండి.