కొత్త అల్లుడు లేని పేకాట

ప్రశ్న: నాది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్. ఆఫీసు దోస్తులం ఏడుగురం నాలుగేళ్ల నుంచి ప్రతి శనివారం రాత్రి పోకర్ ఆడుకుంటున్నాం. డబ్బులేం పెట్టం, ఉత్త చిప్సే, కాకపోతే అందరికంటే ముందు చిప్స్ పోగొట్టుకున్నోడు ఆదివారం పొద్దున అందరికీ టిఫిన్ పెట్టించాలి. మొదటి రెండేళ్లలో నేను బిల్లు కట్టింది మూడంటే మూడుసార్లు. ఇప్పుడు అందరూ యూట్యూబ్ చూసి, ఏ ముక్కలకి ఆడాలో చెప్పే చార్టులు బట్టీ పట్టి వస్తున్నారు, ఈ ఏడాదంతా నెలకోసారి నా జేబుకే చిల్లు. ఇట్లా అందరూ నేర్చుకుంటూ పోతే ఇంకో పదేళ్లకి పోకర్ అంటే ఉత్త లక్కేనా? చెస్ వందల ఏళ్ల నుంచి ఉంది, అందులో ఆటగాళ్ల మధ్య తేడా పోయిందా అని మా ఫ్రెండ్ వాదన.
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ముందు మీ టిఫిన్ లెక్క చూద్దాం, సగం జవాబు అందులోనే ఉంది. ఏడుగురూ సరిసమానంగా ఆడితే ఒక్కొక్కరికి ఏడు వారాలకోసారి బిల్లు పడాలి. రెండేళ్లంటే 104 శనివారాలు, మీ వంతుకి ఓ 15 రావాలి, వచ్చింది 3. అది లక్ కాదండీ, మీ ఆటే. మరి ఇప్పుడు నెలకోసారి అంటే ఏడాదికి 12, సమానంగా ఉంటే ఏడో ఎనిమిదో రావాల్సింది. అంటే తేడా పోలేదు, మీ దోస్తుల వైపు తిరిగినట్టుంది! (ఒక్క ఏడాదిలో 12 అనేది టైం బాగోక కూడా పడొచ్చు, అందుకే 'తిరిగినట్టుంది' అన్నా, కోపం తెచ్చుకోకండి.)

మా చిన్నాయన సంగతి చెప్తా. చిక్కడపల్లిలో మా తాతగారిల్లు, ఏ పెళ్లయినా రాత్రి భోజనాలయ్యాక మేడ మీద జంపఖానా పరిచి పదమూడు ముక్కలాట మొదలు. చిన్నాయన తన ముక్కల్ని ఒకసారి సర్దుకున్నాక మళ్లీ చూసేవాడే కాదు, చూపంతా అవతలోళ్లు పడేసే ముక్కల మీదే, బొటనవేలు మాత్రం వేళ్ల కణుపుల మీద నడుస్తూ ఉండేది. ఎవరైనా కింద నుంచి ఆఠీను ఎనిమిది ఎత్తుకున్నారంటే ఇక ఆయన చేతిలోని ఆఠీను ఏడు ఆట అయ్యేదాకా కిందపడేది కాదు. (రమ్మీలో పడిన ముక్క గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది పడేయాలో చూసుకోవడం నైపుణ్యమే అని సుప్రీంకోర్టు 1960ల చివర్లో చెప్పింది కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులోనే, ఆ సంగతి ఆయనకి తెలిస్తే ఫ్రేము కట్టించి పెట్టుకునేవాడు.)

పిల్లలం ఆయన వెనక కూర్చుని కూర్చుని ఆ విద్య పట్టేశాం. ఐదారేళ్లకి మా దగ్గర కూడా పనికొచ్చే ముక్క పడటం ఆగిపోయింది, ఆటలు సాగుతూ ఉండేవి, చివరికి జోకర్లు ఎవరికి ఎక్కువ పడ్డాయో వాళ్లదే షో. అయినా ఏడాది చివర్లో లెక్క తీస్తే చిన్నాయనే పైన. ఎట్లాగంటే ప్రతి ఏడూ ఇంట్లోకి ఒక కొత్త అల్లుడు దిగేవాడు. పట్టు బట్టలు కూడా విప్పకుండా మర్యాద కోసం కూర్చునేవాడు, ముక్కలు బాలేవని డ్రాప్ అయితే చిన్నతనం అనుకుని ప్రతి ఆటా ఆడి, 80కి 80 ఫుల్ కౌంట్ ఇచ్చి నవ్వుతూ లేచేవాడు.

పోకర్ చరిత్ర కూడా అచ్చంగా ఇదే. 2003లో లాస్ వెగాస్‌లో వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్‌ని ఒక అకౌంటెంట్ గెలిచాడు, ఇంటిపేరు నిజంగానే మనీమేకర్, వంద డాలర్లు కూడా కాని ఆన్‌లైన్ ఆటలో సీటు సంపాదించి వచ్చి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ ఏడు ఆడింది 839 మంది. ఆయన్ని చూసి మనమెందుకు గెలవం అని ప్రపంచమంతా దిగింది, 2006కల్లా 8,773 మంది. అంతమంది కొత్త అల్లుళ్లు! ఆ రోజుల్లో కాస్త ఓపికగా, మంచి ముక్కలకే ఆడేవాడు కూడా బాగానే సంపాదించాడు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2015లో కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్లు ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని (బెట్‌కి హద్దుండే పోకర్) ఇక దాన్ని ఎవరూ ఓడించలేరన్నంతగా దాదాపు పూర్తిగా తేల్చేశారు, 2017లో లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ లిమిట్ లేని ఆటలో నలుగురు ప్రొఫెషనల్స్‌ని ఓడించింది. ఇప్పుడు సాల్వర్ (సరైన ఆట ఏదో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, ఎక్కడ ఎంత బెట్ వేయాలి, ఏ ముక్కలతో బ్లఫ్ కొట్టాలి అని. దీంతో పైనున్న వాళ్ల మధ్య తేడా బాగా కరిగింది, ఇది నిజం. మన ఎంసెట్ లాగే, అందరూ అదే కోచింగ్, అదే మెటీరియల్, మార్కులన్నీ ఒకచోట గుమిగూడతాయి, అప్పుడు ఒక్క బిట్ గుడ్డిగా పెట్టినా ర్యాంకు ఎక్కడికో పోతుంది. ఆట మెరుగయ్యే కొద్దీ లక్ పెరగదు, అది ఎప్పుడూ అంతే ఉంటుంది, దాన్ని కప్పి ఉంచిన తేడా పలచబడితే బయటికి కనిపిస్తుంది అంతే.

కానీ చార్టు బట్టీ పట్టినంత మాత్రాన సాల్వర్ మన బుర్రలోకి రాదు కదా. చేతికొచ్చే మొదటి రెండు ముక్కలకి 1,326 రకాలు, అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పడే మొదటి మూడు ముక్కలకి 22,100 రకాలు, దాని మీద ఎవరెంత బెట్ వేశారన్నది వేరే, పైగా సాల్వర్ చెప్పేది కూడా ఇదే ముక్కతో పదిలో ఏడుసార్లు కాల్ (అవతలోడి బెట్‌కి సరిపడా పెట్టడం), మూడుసార్లు ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం) అన్నట్టుంటుంది. మీ దోస్తులు నేర్చుకున్నది మొదటి రెండు ముక్కల చార్టు, అది నెల రోజుల పని, అందుకే అక్కడ మీకున్న లాభం నెలలో ఎగిరిపోయింది. చివరి ముక్క పడ్డాక పెద్ద బెట్ వస్తే ఏం చేయాలి, రెండు ఆసులు పోయిన కోపంలో తర్వాతి గంట ఎలా ఆడాలి, ఇవి ఏ చార్టులోనూ ఉండవు. మీరు మళ్లీ పైకి రావాలంటే పని చేయాల్సింది అక్కడే.

మీ ఫ్రెండ్ చెస్ పోలిక సగమే కరెక్ట్. అక్కడా శిఖరం మీద తేడా కరిగింది, 2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా 12 క్లాసికల్ ఆటలాడితే పన్నెండూ డ్రా. కానీ చెస్‌లో పాచికలు లేవు, చిన్న తేడా కూడా కనబడిపోతుంది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగ్ దాటాడు, మీ కాలనీ చాంపియన్ ఆయనతో వంద ఆటలాడితే వందా పోతాయి. అదే పోకర్‌లో మీ దగ్గర రెండు ఆసులు, అవతల రెండు రాజులు, మొత్తం చిప్స్ మధ్యలోకి తోసేసినా వందలో 18 సార్లు మీరే ఇంటికి.

ఇంకోటి, ఎవరూ అడగరు దీన్ని. మీ ఇంట్లో ఆట నడిపేవాడు తీసుకునే టేబుల్ కమీషన్ లేదు, బతికిపోయారు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 5 శాతం కోత ఉన్న చోట సగటు పాట్ 500 రూపాయలు అనుకుందాం, గంటకి 25 హ్యాండ్స్ (ఒక్కో పంపకం ఒక హ్యాండ్), ఆరు గంటల కూర్చోబాటు, అంటే ఒక రాత్రికి 3,750 టేబుల్ మీద నుంచి మాయం. పది రాత్రులకి 37,500. ఆరుగురు సమానంగా ఆడేవాళ్లయితే తలా 6,250 పోయినట్టే, ఒక్కడు కూడా గెలవడు. తేడా తగ్గితే ఆట పూర్తిగా లక్ అయ్యేకంటే ముందే ఇది జరుగుతుంది.

ప్రశ్న: మా బాబు బీటెక్ అయ్యింది. పోకర్ లెక్కల ఆట, ఆర్నెల్ల నుంచి లాభంలోనే ఉన్నాను, గోవా పోయి అదే పని చేస్తా అంటున్నాడు. నమ్మొచ్చా?
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లెక్కల ఆట అన్నమాట అబద్ధం కాదమ్మా. కానీ 2017లో తెలంగాణ చట్టం మార్చాక ఇక్కడ డబ్బు పెట్టి ఆడి 'ఇది నైపుణ్యం' అంటే చెల్లదు, 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు, నైపుణ్యమైనా కాకపోయినా, దేశమంతా బంద్. యాప్‌ల మీద వచ్చే కొత్త అల్లుళ్లు ఆగిపోయారు, పై మాట చదివే ఉంటారు, గోవా బల్లల దగ్గర మిగిలినవాళ్లు ఎక్కువగా ఆట తెలిసినవాళ్లే.

ఆర్నెల్ల లాభం అంటే ఎన్ని హ్యాండ్సో అడగండి. లిబ్రాటస్ గెలుపు లక్ కాదని తేల్చడానికి 1,20,000 హ్యాండ్స్ ఆడించారు. టేబుల్ దగ్గర గంటకి 25 చొప్పున అన్ని ఆడాలంటే 4,800 గంటలు, రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్నా 600 రోజులు. నిజంగా లెక్కల మనిషైతే తేదీ, గంటలు, పెట్టింది, వచ్చింది, కమీషన్ ఎంత పోయిందీ అన్నీ రాసిన పుస్తకం ఒకటి ఉండి తీరాలి. అది చూపించమనండి.