అలవాటైపోతుందిలే అన్నారు, నాకు అవ్వట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను, నాలుగో నెల. మొన్న నైట్ డ్యూటీలో నేను రోజూ చూసే ఒక పెద్దాయన చనిపోయారు, సీపీఆర్ (ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కడం) చేసింది నేనే. పొద్దున్న అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నాను అని పెట్టేశాను. పది రోజులైంది, ఇంటికి సరిగ్గా మాట్లాడట్లేదు, కళ్ళు మూస్తే నా చేతుల కింద విరిగిన ఆయన పక్కటెముకలే గుర్తొస్తున్నాయి. సీనియర్‌కి చెప్తే అలవాటైపోతుందిలే అన్నారు. నేను ఈ ఫీల్డ్‌కి పనికిరానా?

జవాబు: అలా అనుకోకమ్మా. ముందు ఆ పక్కటెముకల సంగతి. ఛాతీని కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కదా, పెద్ద వయసు వాళ్ళకి అలా నొక్కితే ఎముక విరగడం మామూలే, నువ్వేదో మోటుగా చేశావని కాదు. ఎంత పెద్ద హాస్పిటల్‌లోనైనా గుండె ఆగిపోయిన వాళ్ళలో ఎక్కువమంది ఇంటికి వెళ్ళలేరు. ఈ మాట ఆ రాత్రే ఎవరో ఒకరు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది.

అలవాటైపోతుంది అని నాకూ చెప్పారు, నేను నమ్మాను కూడా. నా మొదటి పేషెంట్ చనిపోయినప్పుడు కేస్ షీట్‌లో టైమ్ రాసేసి, కారిడార్‌లో ఉన్న ఆయన భార్యకి నడుస్తూనే "చాలా ట్రై చేశామండీ" అని చెప్పి పక్క వార్డుకి వెళ్ళిపోయాను. ఆవిడ నా వెనకాలే వచ్చి "అయితే ఇప్పుడు బానే ఉన్నారా డాక్టర్ గారూ" అని అడిగింది. చనిపోయారు అన్న మాట నేను అసలు అనలేదు, అనడానికి భయపడ్డాను, అది ఆవిడ మొహం చూశాకే నాకు తెలిసింది. చెడు వార్త చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఉంది, 2000లో క్యాన్సర్ డాక్టర్ల కోసం రాశారు, అందులో మొదటిదే కాస్త మరుగున్న చోటు చూసుకుని కూర్చోవడం. ఎక్కడైనా పనికొస్తుంది, నేర్చుకో. కూర్చుని, సూటిగా ఆ మాట చెప్పి, తర్వాత కాసేపు నోరు మూసుకుని ఉండటం నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఇక ఇంటి విషయం. దీన్ని నేను ఇంకా ఘోరంగా పాడుచేసుకున్నాను. నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు, ఎత్తితే మళ్ళీ చేస్తా నాన్నా అనేదాన్ని, చేసేదాన్ని కాదు. కొన్ని నెలలకి ఆయన చేయడం మానేశారు. ఎందుకు చేయట్లేదు అంటే "నీకు పని ఎక్కువ కదమ్మా, డిస్టర్బ్ చేయడం ఎందుకని" అన్నారు. నిజానికి పని కాదు, ఆయన గొంతు వింటే ఏడ్చేస్తానేమో అని నా భయం. పేషెంట్ పేరు, జబ్బు ఇంట్లో చెప్పకూడదు, కానీ ఇవాళ నా పేషెంట్ పోయారమ్మా, నాకు బాలేదు అని చెప్పడానికి ఏ రూలూ అడ్డు రాదు.

ఇంకోటి, నిద్ర. 24 గంటలు దాటిన డ్యూటీలు చేసే ఇంటర్న్‌లు, ఆ డ్యూటీలు తగ్గించినప్పటి కంటే 36 శాతం ఎక్కువ పెద్ద తప్పులు చేశారని 2004లో అమెరికాలో వచ్చిన స్టడీలో తేలింది. కాబట్టి నైట్ అయ్యాక వచ్చే "నేను పనికిరాను" అనే ఆలోచనని ఆ పూట అస్సలు నమ్మకు, పడుకుని లేచాక చూడు. హ్యాండోవర్, అంటే తర్వాత డ్యూటీకి వచ్చే డాక్టర్‌కి నీ పేషెంట్ల సంగతి అప్పజెప్పడం, పూర్తిగా ఇచ్చెయ్, బండి మాత్రం నువ్వు నడపకు.

ఆ సీనియర్ కాకుండా ఇంకెవరినైనా పట్టుకుని ఆ రాత్రి కేసు మొదటి నుంచి ఒకసారి మాట్లాడించుకో, ఎక్కడ ఏం చేశారు, ఇంకేమైనా చేసి ఉండొచ్చా అని. ఇంకొన్ని రోజులు చూసినా నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్ట్‌ని కలువు, చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళు, ఒంటరిగా ఉండకు. అమ్మకి మాత్రం ఇవాళే ఫోన్ చెయ్, ఏడుపొస్తే ఏడువు, ఆవిడ వింటుంది.