టెక్సస్ నుంచి వచ్చిన విడాకుల కాగితాలకు బెంగళూరు నుంచి జవాబు ఇవ్వాలా?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. మీ అమ్మాయి పెళ్ళి అనంతపురంలో హిందూ సంప్రదాయం ప్రకారం జరిగింది, కాపురం డల్లాస్‌లో సాగింది. అయిదు నెలల క్రితం నాలుగేళ్ళ బాబును తీసుకుని బెంగళూరులో మీ ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు మీ అల్లుడి న్యాయవాది టెక్సస్ కోర్టులో వేసిన విడాకుల పిటిషన్‌ను ఈమెయిల్‌లోను, కొరియర్‌లోను పంపించారు. "అక్కడి తీర్పు ఇక్కడ చెల్లదు, ఆ కాగితాలు పక్కన పడేయండి" అని బంధువులు అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చునా అన్నది మీ ప్రశ్న.

నమ్మి ఊరుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ మాటలో కొంత నిజం ఉంది కాని, అది మీ అమ్మాయి వివాహబంధానికి సంబంధించినంత వరకే. మీ మనవడి విషయానికి అది వర్తించదు. నేను న్యాయవాదిని కాను. మా పెళ్ళి నెల్లూరులో జరిగింది, ఆయన హ్యూస్టన్ వెళ్ళారు, నేను ఉద్యోగం వదులుకోలేక బెంగళూరులోనే ఉండిపోయాను. ఆయన అక్కడ విడాకుల పిటిషన్ వేసిన తరువాత రెండు దేశాల న్యాయవాదులతోను కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బంధువులు చెప్పినదానిలోని నిజం. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ ఆధారంగా తీసుకునేది 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. న్యాయవాదులు నరసింహారావు కేసు అని పిలిచే ఆ వివాదం 1975లో తిరుపతిలో జరిగిన పెళ్ళికి సంబంధించినది. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు పొంది, ఇక్కడ మరొక పెళ్ళి చేసుకోగా, మొదటి భార్య ద్విభార్యత్వ నేరం కింద ఫిర్యాదు చేశారు. దంపతులు ఏ చట్టం కింద పెళ్ళి చేసుకున్నారో ఆ చట్టం ప్రకారం అధికారం ఉన్న కోర్టే, ఆ చట్టం ఒప్పుకున్న కారణం మీదే విడాకులు ఇవ్వాలని, లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద ఆ విదేశీ డిక్రీకి ఇక్కడ గుర్తింపు ఉండదని సుప్రీంకోర్టు చెప్పింది. టెక్సస్‌లో ఎవరి తప్పూ చూపించకుండా, ఇక కలిసి బతకడం సాధ్యం కాదన్న కారణం మీద కూడా విడాకులు ఇస్తారు. హిందూ వివాహ చట్టంలో అటువంటి కారణం లేదు. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ కారణం మీద విడాకులు ఇవ్వవచ్చునని చెప్పినా, అది రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న అధికారం. కాబట్టి మీ అమ్మాయి హాజరు కాకుండా అక్కడ వచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ వల్ల మన చట్టం దృష్టిలో ఆమె పెళ్ళి రద్దయిపోదు.

అయితే అదే తీర్పులో మినహాయింపులు కూడా ఉన్నాయి. ఎదుటి పక్షం ఇష్టపూర్వకంగా ఆ కోర్టు అధికారానికి లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీదే సాగిన కేసులో వాదించుకుంటే, లేదా విడాకులకు స్పష్టంగా ఒప్పుకుంటే, ఆ డిక్రీ ఇక్కడ కూడా చెల్లవచ్చు. అందువల్ల ఈమెయిల్‌తో పాటు "సమన్లు అవసరం లేదు" అని సంతకం పెట్టి పంపమనే చిన్న కాగితం ఏదైనా ఉన్నదేమో చూడండి. టెక్సస్‌లో అటువంటి పత్రాలు వాడడం చాలా మామూలు. ఎంత మర్యాదగా అడిగినా మీ న్యాయవాది చదవకుండా మీ అమ్మాయి దాని మీద సంతకం చేయకూడదు. విదేశీ సమన్లు మన దేశంలో అందజేయడానికి పద్ధతి వేరే ఉంది. సమన్ల బట్వాడాకు సంబంధించిన 1965 నాటి హేగ్ ఒప్పందంలో చేరినప్పుడు మన ప్రభుత్వం నేరుగా తపాలాలో పంపడానికి అభ్యంతరం చెప్పింది. కాబట్టి అవి కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. అయినా ఈ లోపాన్ని పట్టుకుని నిశ్చింతగా ఉండిపోవద్దు, దాన్ని సరిదిద్దుకోవడానికి వారికి కొన్ని నెలల సమయం చాలు.

ఇక బాబు విషయం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది ఆ "అయిదు నెలలు" అన్న మాట. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ పాటించే ఉమ్మడి నమూనా చట్టం ప్రకారం, పిటిషన్ వేసేనాటికి ముందు ఆరు నెలలు బిడ్డ ఎక్కడ నివసించాడో ఆ రాష్ట్రానికే కస్టడీ తేల్చే అధికారం ఉంటుంది. బిడ్డ వెళ్ళిపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉండి, ఆరు నెలలు నిండే లోపు పిటిషన్ వేస్తే ఆ అధికారం పోదు. మీ అల్లుడు సరిగ్గా ఆ గడువు లోపలే వేశారు. మీ అమ్మాయి జవాబు ఇవ్వకపోతే తండ్రి చెప్పినదే ఆధారంగా టెక్సస్ కోర్టు కస్టడీ ఉత్తర్వు ఇవ్వగలదు. తండ్రి హక్కులకు అడ్డుపడే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించారన్న ఆరోపణ వస్తే, 1993 నాటి అక్కడి కేంద్ర చట్టం కింద అది నేరం కూడా అవుతుంది. కాబట్టి ఆయన ఒప్పుకునే పంపించారని చూపించే వాట్సాప్ సందేశాలు, విమాన టిక్కెట్లు కొన్న కార్డు వివరాలు ఈరోజే భద్రపరచండి.

బిడ్డల అపహరణకు సంబంధించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. అంతమాత్రాన విదేశీ ఉత్తర్వును మన కోర్టులు పట్టించుకోవని కాదు. తండ్రి ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయవచ్చు. అప్పుడు బిడ్డ క్షేమమే కొలమానం అవుతుంది, విదేశీ ఉత్తర్వు అందులో ఒక అంశంగా ఉంటుంది. 2017లో బ్రిటన్ నుంచి వచ్చిన పాపను తల్లి దగ్గరే ఉండనిచ్చిన సుప్రీంకోర్టే, 2019లో హైదరాబాదుకు పిల్లలను తెచ్చుకున్న ఒక తెలుగు తల్లిని వారితో సహా అమెరికాకు తిరిగి వెళ్ళమని ఆదేశించింది. ఫలితం ముందే తెలిసినట్టు మీకు ఎవరైనా హామీ ఇస్తే ఆ న్యాయవాది దగ్గరకు మళ్ళీ వెళ్ళకండి.

మరి ఏం చేయాలి? డల్లాస్‌లో ఒక న్యాయవాదిని, బెంగళూరులో ఒక న్యాయవాదిని పెట్టుకోండి. ఇద్దరినీ ఒకరితో ఒకరు మాట్లాడించండి. ఒక కోర్టులో దాఖలు చేసే ప్రతి కాగితాన్నీ రెండవ దేశపు న్యాయవాది ముందుగా చదివి తీరాలి. నేను చెప్పదలచుకున్నదంతా నిజానికి ఈ ఒక్క మాటే. నా కేసులో హ్యూస్టన్ న్యాయవాది ఆ కోర్టుకు నా మీద అధికారం లేదన్న అభ్యంతరాన్ని మిగతా ఏ జవాబు కంటే ముందే దాఖలు చేశారు. నేను టెక్సస్‌లో ఎన్నడూ నివసించలేదు కాబట్టి ఆ అభ్యంతరం నిలిచింది: ఆయన నివాసం ఆధారంగా అక్కడ బంధం తెంచగలరు గాని, నా డబ్బు మీద, భరణం మీద ఉత్తర్వులు ఇవ్వలేరు. మీ అమ్మాయికి ఈ దారి లేదు. చివరి కాపురం అక్కడే చేసి రెండేళ్ళు దాటలేదు కాబట్టి, టెక్సస్ చట్టం ఆమె మీద అధికారం ఉన్నదనే చెబుతుంది. ఆమె అక్కడ బాబు కస్టడీ విషయంలోను, ఆస్తి విషయంలోను పోరాడక తప్పదు. విడాకులకు మాత్రం తాను ఒప్పుకోవడం లేదని, భారతీయ చట్టం కింద తన హక్కులు వదులుకోవడం లేదని ఆ జవాబులోనే రాయించాలి. ఆ వాక్యాల కూర్పు ఎలా ఉండాలన్నది ఇక్కడి న్యాయవాది చెప్పాలి. సమన్లు సక్రమంగా అందితే, 20 రోజులు గడిచిన తరువాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు అక్కడ జవాబుకు గడువు.

ఇక్కడ పిటిషన్ వేయడానికి మీరు అనంతపురం వెళ్ళనవసరం లేదు. 2003 సవరణ తరువాత భార్య తాను నివసించే చోటే వేయవచ్చు. సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో ఉన్న ఫ్యామిలీ కోర్టుకు వెళితే సరిపోతుంది. భరణం కేసుల్లో ఆదాయ వ్యయాలు, ఆస్తులు, అప్పులు వెల్లడించే అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆమె దగ్గరున్న జీతం స్లిప్పులు, పన్ను రిటర్నుల నకళ్ళు ఇప్పుడే కూడబెట్టండి. క్రిమినల్ కేసు పెట్టమని ఒత్తిడి చేసేవారు కూడా ఉంటారు. నిజంగా హింస జరిగి ఉంటే తప్పక పెట్టండి. బేరం కోసమైతే వద్దు, అది రెండు కోర్టుల్లోను ఆమె మాటకున్న విలువను తగ్గిస్తుంది.

నా అనుభవంలో ఇటువంటి వ్యవహారం సవ్యంగా ముగిసే దారి ఒకటే: రెండు దేశాల్లోను చెల్లే ఒక్క ఒప్పందం. మా ఇద్దరికీ మీడియేషన్‌లో రాజీ కుదిరింది. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో ఇక్కడే పిటిషన్ వేసి, హ్యూస్టన్ కేసును ఆయన ఉపసంహరించుకున్నారు. ఆయన కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని తన అన్నగారి పేర పంపించారు. అటువంటి పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టించాలి. అయినా జడ్జిగారు ఆయనను వీడియోలో స్వయంగా చూసి, సమ్మతి విన్న తరువాతే డిక్రీ ఇచ్చారు. ఇటువంటి పిటిషన్ వేసిన తరువాత ఉండే ఆరు నెలల నిరీక్షణను తగిన సందర్భాల్లో తగ్గించవచ్చునని 2017లోనే సుప్రీంకోర్టు మరొక తీర్పులో చెప్పింది గాని, పిటిషన్‌కు ముందు ఏడాది విడిగా ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి మీకు ఇంకా సమయం పడుతుంది.

మీ మనవడి కస్టడీ, సెలవుల్లో తండ్రి దగ్గరకు పంపడం, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలన్న షరతులను ఆ ఒప్పందంలో రాయించి, టెక్సస్ కోర్టులో కూడా అవే మాటలతో ఉత్తర్వు తీసుకోవాలి. బెంగళూరులో ఇద్దరి పేర ఫ్లాటు ఉంటే ఆ హక్కును టెక్సస్ డిక్రీ మార్చలేదు, ఇక్కడ రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం కావాలి. అలాగే మీ అల్లుడి 401కె పదవీ విరమణ ఖాతాలో ఆమెకు వాటా రావాలంటే భారతీయ డిక్రీ చాలదు. దానికి అమెరికా రాష్ట్ర కోర్టు ప్రత్యేకంగా ఇచ్చే ఉత్తర్వు ఉండాలి కనుక, టెక్సస్ కేసును పూర్తిగా మూయించే ముందే ఆ సంగతి డల్లాస్ న్యాయవాదితో తేల్చుకోండి.