కటకాకార గెలాక్సీకి ఆ రూపం ఎలా వచ్చింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఏప్రిల్ నెలలో కొండపల్లి వైపు వెళ్లి, మా అధ్యాపకుని ఆరంగుళాల టెలిస్కోపుతో కన్యారాశి గెలాక్సీల గుంపులోని మెస్సియే 84, మెస్సియే 86 (మెస్సియే అనే శాస్త్రజ్ఞుని పట్టికలోని సంఖ్యలు) అనే గెలాక్సీలను చూశాము. ఇవి దీర్ఘవృత్తాకార గెలాక్సీలని ఒక పుస్తకంలోనూ, కటకాకార గెలాక్సీలని మరొక పుస్తకంలోనూ ఉన్నది. ఏది సరైనది?
డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: మీ పుస్తకాలలో పొరపాటు లేదు. ఖగోళ శాస్త్రజ్ఞుల పట్టికలే ఈ రెండింటి విషయంలో ఏకీభవించవు. కటకాకార గెలాక్సీలో, సర్పిల గెలాక్సీలో ఉన్నట్లే, నక్షత్రాలతో నిండిన పలుచని బిల్ల, దాని నడుమ గుండ్రని ఉబ్బు ఉంటాయి. అయితే సర్పిల భుజాలు ఉండవు, కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన చల్లని వాయువు కూడా చాలా స్వల్పంగా ఉంటుంది. దీర్ఘవృత్తాకార గెలాక్సీలో మాత్రం అటువంటి పలుచని బిల్ల ఉండదు. ఎడ్విన్ హబుల్ 1936లో ఈ తరగతిని దీర్ఘవృత్తాకార, సర్పిల గెలాక్సీల నడుమ చేర్చారు. అటువంటి గెలాక్సీ అంచు మనవైపు తిరిగి ఉంటే బిల్ల స్పష్టంగా తెలుస్తుంది. ముఖం మనవైపు ఉంటే మాత్రం బిల్లా ఉబ్బూ కలిసిపోయి, అంచులకు పోయేకొద్దీ మసకబారే వెలుగుగానే కనిపిస్తుంది కనుక, ఫొటోను బట్టి దానిని దీర్ఘవృత్తాకార గెలాక్సీ నుంచి వేరు చేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే.

అందువల్ల ఇప్పుడు రూపం కంటే చలనానికే ఎక్కువ విలువ ఇస్తున్నారు. బిల్లలోని నక్షత్రాలు కేంద్రం చుట్టూ ఒకే దిశలో తిరుగుతాయి కాబట్టి, గెలాక్సీలో మనవైపు కదిలే పక్క నుంచి వచ్చే కాంతి నీలం వైపుకు, మన నుంచి దూరమయ్యే పక్క నుంచి వచ్చేది ఎరుపు వైపుకు కొద్దిగా జరిగి ఉంటుంది. కెనరీ దీవులలోని విలియం హెర్షెల్ టెలిస్కోపుకు సారోన్ అనే వర్ణపట పరికరాన్ని అమర్చి, సర్పిల భుజాలు లేని 260 సమీప గెలాక్సీలను ఈ విధంగా పరిశీలించారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం వాటిలో 86 శాతం క్రమబద్ధంగా తిరుగుతున్నాయి. అంతవరకు దీర్ఘవృత్తాకారమని రాసుకున్న వాటిలో కూడా ఎక్కువ భాగం ఈ కోవలోకే వచ్చాయి. మీరు చూసిన రెండూ మాత్రం మెల్లగా తిరిగే కొద్దిపాటి వాటిలో చేరాయి. కాబట్టి చలనాన్ని ప్రమాణంగా తీసుకుంటే వాటిని దీర్ఘవృత్తాకార గెలాక్సీలనడమే ఉచితమని నా అభిప్రాయం.

నిజమైన కటకాకార గెలాక్సీని చూడదలిస్తే మెస్సియే 85ను వెతకండి. అది ఇదే గుంపు ఉత్తరపు అంచున ఉన్నది. విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు, ఆ గెలాక్సీ క్రాంతి (ఆకాశంలో ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా ఉన్న కోణదూరం) సుమారు 18 డిగ్రీలు కావడం వల్ల, ఏప్రిల్ మూడవ వారంలో రాత్రి పదిన్నర ప్రాంతంలో అది దాదాపు మన నడినెత్తికి వస్తుంది. దాని పక్కనే, తక్కువ వర్ధనంలో ఒకే దృశ్యంలో ఇమిడేటంత దగ్గరగా, ఎన్‌జీసీ 4394 (ఎన్‌జీసీ మరొక ఖగోళ పట్టిక) అనే సర్పిల గెలాక్సీ కూడా మసకగా కనిపిస్తుంది.

ప్రశ్న: కటకాకార గెలాక్సీలు గెలాక్సీల గుంపులలోనే ఎందుకు ఎక్కువగా ఉంటాయి?
ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఈ సంబంధాన్ని ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆలన్ డ్రెస్లర్ 1980లో 55 గుంపులను పరిశీలించి స్పష్టంగా నిరూపించారు. గుంపులకు దూరంగా ఉన్న ప్రాంతాలలో పదింట ఎనిమిది వరకు సర్పిల గెలాక్సీలే ఉండగా, గుంపు నడిమధ్య అవి పదింట ఒకటికి పడిపోతాయి, కటకాకార గెలాక్సీలు సగానికి చేరుకుంటాయి. ఇంతకంటే ఆలోచింపజేసేది 1997 నాటి పరిశీలన. అప్పుడు హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో సుమారు 500 కోట్ల సంవత్సరాల నాటి గుంపులను చూసినప్పుడు, వాటిలో కటకాకార గెలాక్సీల వాటా నేటి గుంపులలో కంటే రెండు మూడు రెట్లు తక్కువగా కనిపించింది. అంటే ఆనాటి సర్పిల గెలాక్సీలలో చాలా భాగం ఈలోగా రూపం మార్చుకున్నాయని అనుకోవాలి.

గుంపులోని గెలాక్సీల మధ్య చోటు శూన్యం కాదు. అక్కడ కోట్ల డిగ్రీల వేడితో, ఎక్స్ కిరణాలను వెలువరించే పలుచని వాయువు నిండి ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ మీద ఆకు కదలని రోజున కూడా బండి వేగంగా నడిపేవారి ముఖానికి గాలి బలంగా తగిలినట్లే, సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే గెలాక్సీకి ఈ పలుచని వాయువే పెద్ద ఒత్తిడి అవుతుంది. ఆ ఒత్తిడికి నక్షత్రాలు చలించవు కాని, వాటి మధ్య ఉన్న చల్లని వాయువు వెనక్కి కొట్టుకుపోతుంది. జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ 1972లోనే దీనిని లెక్కగట్టారు. మెస్సియే 84, 86ల పక్కనే కనిపించే ఎన్‌జీసీ 4388 అనే సర్పిల గెలాక్సీ వెనుక మూడు లక్షల కాంతి సంవత్సరాలకు పైగా పొడవున్న హైడ్రోజన్ తోకను రేడియో టెలిస్కోపులు గుర్తించాయి. శ్రీహరికోట నుంచి 2015లో ప్రయోగించిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ కూడా, ఏబెల్ 85 గుంపులోని జేఓ 201 అనే గెలాక్సీ నుంచి ఊడివచ్చిన వాయువులో కొత్త నక్షత్రాలు పుడుతున్న తావులను అతినీలలోహిత కాంతిలో చూపింది.

వాయువు పోయిన తరువాత భుజాలకు మెరుపునిచ్చే భారీ నీలి నక్షత్రాలు కొద్ది కోట్ల సంవత్సరాలలోనే ఆరిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి రావు; కాలక్రమంలో భుజాలు చెరిగి బిల్ల మాత్రమే మిగులుతుంది. ఈ వివరణ ఇంపుగానే ఉన్నా, దీనితోనే సరిపెట్టుకోకూడదు. కటకాకార గెలాక్సీల ఉబ్బు సాధారణంగా సర్పిల గెలాక్సీల ఉబ్బు కంటే పెద్దది. వాయువును ఊడ్చివేసినంత మాత్రాన ఉబ్బు పెరగదు. గుంపులోకి రాకముందే చిన్న సమూహాలలో జరిగిన విలీనాలు కొన్నింటి ఉబ్బును పెంచి ఉంటాయని భావిస్తున్నారు. పైన చెప్పిన మెస్సియే 85లోనూ పాత విలీనం మిగిల్చిన కలత జాడలు ఉన్నాయి. గుంపుల వెలుపల, సెక్స్‌టాన్స్ రాశిలో సుమారు మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఎన్‌జీసీ 3115 కటకాకార గెలాక్సీయే కనుక, గుంపు లేకుండా కూడా ఈ రూపం ఏర్పడగలదని ఒప్పుకోక తప్పదు.

ప్రశ్న: మన పాలపుంతకు కూడా ఇదే గతి పడుతుందా?
పాఠకురాలు, తెనాలి

జవాబు: గుంపులోని వేడి వాయువు వల్ల ఇప్పట్లో పట్టదు. పాలపుంత ఉన్నది ఆండ్రోమెడా గెలాక్సీతో కూడిన చిన్న సమూహంలో. అక్కడ అంతటి సాంద్రమైన వేడి వాయువు లేదు. అయితే పాలపుంత చుట్టూ ఉన్న పలుచని వేడి వాయువు, దానికి దగ్గరగా తిరిగే మరుగుజ్జు గెలాక్సీల పట్ల ఇదే పని చేస్తున్నట్లు తోస్తుంది. వాటిలో దాదాపు అన్నింటిలోనూ చల్లని వాయువు కనిపించదు. పెద్దవైన రెండు మెజిల్లానిక్ మేఘాలు మాత్రం తమ వాయువును ఇంకా నిలుపుకొని ఉన్నాయి.