పక్క రాష్ట్రం నుంచి పందిపిల్లలు తెచ్చే ముందు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. కర్ణాటక నుంచి ఇరవై యార్క్‌షైర్ పిల్లలను కొనాలనుకుంటున్నాను. స్వైన్ ఫీవర్ టీకా వేయించామని, కాగితాలేవీ అక్కర్లేదని, రాత్రికి రాత్రే వ్యాన్‌లో తెచ్చి దింపేస్తామని మధ్యవర్తి అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. ముందు టీకా సంగతి చెబుతాను. రైతులు ఎక్కువగా పొరబడేది అక్కడే. ఆ టీకా క్లాసికల్ స్వైన్ ఫీవర్‌ది. అది తప్పక వేయించవలసినదే గాని, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను ఆపలేదు. పేర్లు కలిసినా వైరస్‌లు వేరు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మన దేశంలో తొలిసారి బయటపడిన ఈ రెండో జబ్బుకు మందు లేదు, మన రైతుకు అందే టీకా కూడా లేదు. మందలో సోకితే దాదాపు అన్నీ చనిపోవచ్చు.

అందుకే రాకపోకల మీద ఇంత కట్టుదిట్టం. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించి అక్కడి నుంచి పశువులను కదపకుండా ఆపవచ్చు, చెక్‌పోస్టులు పెట్టవచ్చు. కేరళ 2022లో బయటి రాష్ట్రాల పందులనూ పంది మాంసాన్నీ రానివ్వకుండా నిషేధించింది. ఆ జులైలోనే వయనాడులో జబ్బు బయటపడింది. ఇలాంటి ఆదేశాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక, బయానా ఇవ్వకముందే అమ్మేవారి ఊరి పశువైద్యాధికారినీ, మీ ఊరి పశువైద్యాధికారినీ అడిగి తెలుసుకోండి. 6 గంటలకు మించిన ప్రయాణమైతే, పందులకు అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం బండిలో ఉండి తీరాలని జంతు రవాణా నియమాలు చెబుతున్నాయి. మీ దారి అంతకంటే తక్కువైనా సరే, ఆ పత్రం లేకుండా పిల్లలను బండి ఎక్కించవద్దు.

అయితే పత్రం ఉంది గదా అని నిశ్చింతగా ఉండవద్దని కూడా నా మనవి. వైరస్ సోకిన 4 నుంచి 19 రోజుల తరువాత గాని లక్షణాలు కనబడవు. పరీక్షించిన రోజున చలాకీగా తిరిగిన పిల్ల వారం తిరక్కుండానే మేత మానవచ్చు. కనుక కొత్త పిల్లలను పాత మందకు దూరంగా, వేరే కొట్టంలో 30 రోజులు ఉంచండి; వాటికి బకెట్లు, పార, మీరు వేసుకునే బూట్లు వేరుగా ఉండాలి. వ్యాన్‌ను కూడా చూడండి: చెక్కల సందుల్లో పాత పేడ ఎండి కనిపిస్తే, కడిగి క్రిమిసంహారక మందు కొట్టేదాకా పిల్లలను ఎక్కించనివ్వకండి.

తీవ్ర జ్వరం వచ్చి, పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి ముడుచుకున్నా, చెవులూ పొట్టా ఎర్రబారి ఊదారంగుకు తిరిగినా, అదే రోజు పశువైద్యాధికారికి చెప్పండి. పంచాయతీకి లేదా గ్రామాధికారికి తెలపడం చట్టప్రకారం యజమాని బాధ్యత. జబ్బు నిర్ధారణ అయితే చుట్టూ 1 కిలోమీటరు వరకు వ్యాధి ప్రాంతంగా, 10 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా పరిగణిస్తారు. నియంత్రణ కోసం అధికారులు చంపించే పందులకు పరిహారం ఉంటుంది. పందులను చంపించేస్తారన్న భయంతో జబ్బు మందను సంతకు తోలితే మాత్రం, నష్టం పక్క ఊరి పేద పెంపకందారు నెత్తిన పడుతుంది.

ప్రశ్న: ఈ జబ్బు మనుషులకు వస్తుందా? హోటల్ ఎంగిలి మేపవచ్చా?

జవాబు: మనుషులకు రాదు. ఎంగిలి మానడమే మేలు, ఎందుకంటే సరిగా ఉడకని పంది మాంసం ముక్కలో వైరస్ చాలాకాలం బతికి ఉంటుంది. మానలేకపోతే, కలియబెడుతూ కనీసం గంటసేపు బాగా మరిగించి, చల్లారాక పెట్టండి.