వంతెన డెక్ మార్పిడి: ప్యానెల్ తేలిక, అతుకు కష్టం

పాత హైవే వంతెనల పైస్లాబ్‌ను (డెక్‌ను) తీసేసి, ఫ్యాక్టరీలో పోసిన (ప్రీకాస్ట్) కాంక్రీట్ ప్యానెళ్లు అమర్చే పద్ధతి మీద వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ నెల జవాబులు. లెక్కల్లో తేలిక కోసం ఒకే ఉదాహరణ వాడాం: స్టీల్ గర్డర్ల (డెక్‌ను మోసే పొడవాటి దూలాల) మీద 36 మీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం), 12 మీటర్ల వెడల్పు, 220 మి.మీ. మందం డెక్.

ప్రశ్న: నెవార్క్ నుంచి జెర్సీ సిటీకి వెళ్లే పులాస్కీ స్కైవే ఏళ్ల తరబడి ఒకవైపు మూసి ఉంచారు. గుంత పడ్డచోట కాంక్రీట్ పూడిస్తే సరిపోయేది కదా? (జెర్సీ సిటీ, న్యూజెర్సీ)

జవాబు: పూడ్చారు, చాలా ఏళ్లు పూడుస్తూనే వచ్చారు. 1932లో తెరిచిన ఆ వంతెన డెక్ మార్పు 2014లో గానీ మొదలు కాలేదు. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు కాంక్రీట్‌లోకి ఇంకి ఊచల్ని చేరుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమించి, పైపొరను లోపలినుంచి పొరగా లేపేస్తుంది. మీరు గుంతను పూడ్చినప్పుడు కొత్త కాంక్రీట్‌లో ఉన్న ఊచ సురక్షితమే. కానీ చుట్టూ ఉప్పు పట్టిన పాత కాంక్రీట్‌లోని ఊచకు తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. అందుకే గుంత పూడ్చిన రెండు మూడేళ్లకు దాని అంచు చుట్టూ మళ్లీ పగుళ్లు. ఆ స్కైవే మీద స్టెయిన్‌లెస్ స్టీల్ ఊచలతో ప్రీకాస్ట్ ప్యానెళ్లు వేసి, మధ్య అతుకుల్ని యూహెచ్‌పీసీ అనే అతి బలమైన కాంక్రీట్‌తో నింపారు. ఇక ఆలస్యానికి కారణం డెక్ ఒక్కటే కాదు. సుమారు 5.6 కి.మీ. పొడవున కింద ఉన్న పాత ఉక్కును కూడా బాగుచేయాల్సి వచ్చింది.

ప్రశ్న: మార్చాలా, మరమ్మతు చాలా అని ఎలా తేలుస్తారు? (నల్గొండ)

జవాబు: ముందు గొలుసు. స్లాబ్ మీద ఇనుప గొలుసు ఈడుస్తూ పోతే గట్టి కాంక్రీట్ కణకణమంటుంది, పొర లేచినచోట డొల్ల శబ్దం వస్తుంది. సుద్దతో గీసి ఆ విస్తీర్ణం కొలుస్తారు. తర్వాత ఊచ దగ్గర విద్యుత్ పొటెన్షియల్ కొలిచే హాఫ్‌సెల్ పరీక్ష: కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందకి పోతే ఆ చోట తుప్పు నడుస్తున్నట్టు 90 శాతం పైగా నమ్మకం. ఊచ లోతులో కోర్ (గుండ్రటి నమూనా ముక్క) తీసి ఉప్పు శాతం కూడా చూడాలి. పైన డొల్ల తక్కువే ఉన్నా ఊచ దగ్గర ఉప్పు నిండి ఉంటే మరమ్మతు డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. స్లాబ్ కింద తెల్లటి సున్నపు చారలు, తడి మరకలు చూడటం మాత్రం మరవద్దు. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ప్రశ్న: శుక్రవారం రాత్రి మూసి సోమవారం తెల్లారేసరికి తెరిచారని చదివాం. అంత తక్కువ గంటల్లో ఏం చేస్తారు, ఏ వరసలో? (సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, కాకినాడ)

జవాబు: శుక్రవారం రాత్రి 10 నుంచి సోమవారం ఉదయం 5 దాకా 55 గంటలు. 2011 వేసవిలో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్ దగ్గర ఐ-93 హైవే మీద ఇలాంటి పది వారాంతాల్లో 14 వంతెనల పైభాగాలు మార్చారు. అక్కడ వేసినవి గర్డర్‌తో సహా ముందే తయారైన భాగాలు. గర్డర్ ఉంచి డెక్ ఒక్కటే మార్చేటప్పుడు పని ఇంకాస్త సున్నితం.

మొదటి 14 గంటలు కూల్చివేత. రంపంతో కోసి ముక్కలుగా ఎత్తేస్తారు. మన ఉదాహరణలో 230 టన్నులకు పైగా చెత్త. ఇక్కడే అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు జరుగుతుంది: రంపం గర్డర్ పైఫ్లాంజ్‌ను (పైనున్న అడ్డపలకను) తాకడం. సెంటీమీటర్ లోతు గాటైనా లారీల కంపనానికి పగులుగా పెరుగుతుంది. గర్డర్ అంచుల దగ్గర కిందనుంచి పైకి రంధ్రాలు వేసి, ఆ గుర్తులు కలిపి పైన గీతలు గీయాలి. గర్డర్ల మధ్య మాత్రమే పూర్తి లోతు కోత. ఫ్లాంజ్ మీద మిగిలిన కాంక్రీట్‌ను చిన్న హ్యామర్లతోనో అధిక పీడన నీటితోనో తీయాలి. స్లాబ్ పోగానే పైఫ్లాంజ్‌కు పక్క ఆధారం పోతుంది. క్రేన్ ఎక్కడ నిలవాలో ముందే లెక్క కట్టకుండా స్పాన్ మీదికి ఎక్కించకూడదు.

తర్వాత 8 గంటలు ఫ్లాంజ్ శుభ్రం, గర్డర్‌ను డెక్‌తో కలిపే ఉక్కు మేకులైన కొత్త షియర్ స్టడ్ల వెల్డింగ్ (సాధారణంగా 22 మి.మీ. వ్యాసం), లెవెల్ సర్వే. పాత వంతెనైతే రంగులో సీసం ఉంటుంది, ఆ దుమ్ముకు వేరే ఏర్పాటు కావాలి. సర్వే ఎందుకంటే, బరువు దిగగానే గర్డర్ కొన్ని సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పాత డ్రాయింగ్ లెవెళ్లను నమ్మి హాంచ్ (గర్డర్‌కు, ప్యానెల్‌కు మధ్య నింపే పొర) మందం తేల్చితే రోడ్డు ఎగుడుదిగుడు ఖాయం.

ప్యానెళ్లకు 10 గంటలు. 200 మి.మీ. అతుకుతో కలిపి ఒక్కో ప్యానెల్‌కు 2.4 మీటర్లు, కాబట్టి 15 ప్యానెళ్లు. ఒక్కోటి 2.2 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు, సుమారు 14.5 టన్నులు. ప్రతి ప్యానెల్ లెవెలింగ్ బోల్టుల మీద నిలుస్తుంది. తుది లెవెల్ మాత్రం అన్నీ పెట్టాకే సరిచేయాలి, ఎందుకంటే ఒక్కో ప్యానెల్ పడ్డకొద్దీ గర్డర్ మళ్లీ కిందికి దిగుతుంది. బోల్టులన్నిటికీ దాదాపు సమాన టార్క్ ఉండాలి. లేకుంటే ప్యానెల్ రెండు మూల బోల్టుల మీదే వేలాడి, గ్రౌట్ (సందుల్లో పోసే పలచటి సిమెంట్ మిశ్రమం) పోయకముందే బీట వారుతుంది.

మిగిలిన సమయం గ్రౌట్, అతుకులు, గట్టిపడటం, చివర్లో బారియర్లు, గీతలు. పరీక్షలో అడగదగ్గ విషయం ఇక్కడుంది. అతుకుల్ని పోస్ట్ టెన్షనింగ్‌తో (ప్యానెళ్ల గుండా పోయే ఉక్కు కేబుళ్లు లాగి) బిగించే పద్ధతిలో వరస ఇలా ఉండాలి: మొదట ప్యానెళ్ల మధ్య అతుకుల గ్రౌట్, అది గట్టిపడ్డాక కేబుళ్లు లాగడం, ఆ తర్వాతే స్టడ్ల కోసం ప్యానెల్‌లో వదిలిన గూళ్లు, హాంచ్ నింపడం. గూళ్లు ముందే నింపితే స్టడ్లు ప్యానెల్‌ను గర్డర్‌కు కట్టేస్తాయి. మీరు లాగిన బలంలో కొంత గర్డర్‌లోకి పోతుంది, అతుకులో కనీసం 1.7 మెగాపాస్కళ్ల ఒత్తిడి నిలవదు. యూహెచ్‌పీసీ అతుకులైతే కేబుళ్లు లేవు, ఈ బెడదా లేదు. వారాంతపు పనికి అదే అనువు.

ప్రశ్న: మా వంతెన మీద ప్యానెళ్లు బాగున్నాయి, అతుకుల వెంట మాత్రం నీరు కారుతోంది. తప్పు మిశ్రమానిదా, పనివారిదా? (సైట్ ఇంజనీర్, హ్యూస్టన్)

జవాబు: మిశ్రమాన్ని ఆఖర్న అనుమానించండి. ఎక్కువసార్లు దోషం పాత, కొత్త కాంక్రీట్ కలిసే ముఖానిదే. ఫ్యాక్టరీలో ప్యానెల్ అంచు నున్నగా వదిలేస్తే దానికి ఏదీ అంటదు. అచ్చుకు రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రసాయనం) పూసి, విప్పగానే నీటితో కడిగి కంకర బయటపడేలా చేయాలి. పోసే ముందు ఆ ముఖం లోపల తడిగా, పైన నీరు నిలవకుండా ఉండాలి. ఎండు కాంక్రీట్ యూహెచ్‌పీసీలోని నీటిని పీల్చేస్తుంది. అసలే నీరు బహు తక్కువున్న మిశ్రమం, అంచున పిండిగా మిగులుతుంది.

రెండో అనుమానం అచ్చు. యూహెచ్‌పీసీ తేనెలా సాగుతుంది, సూది బెజ్జం దొరికినా కారిపోతుంది. మట్టం కిందికి జారాక పైన పలచటి పొర పోస్తే అది విడిపోతుంది. అచ్చుల మీద మూత బిగించి, గరాటు ఎత్తు నుంచి ఒకే దిశలో ఆపకుండా పోయాలి. వైబ్రేటర్ సూది పెట్టారంటే ఉక్కు పోగులు కిందికి దిగిపోతాయి. పోగులే దాని ప్రాణం: పరిమాణంలో 2 శాతం, అంటే ఘనమీటరుకు సుమారు 157 కిలోలు. మన ఉదాహరణలో ఒక్కో అతుకు 0.53 ఘనమీటర్లు, అందులో పోగులు 83 కిలోలు. రెండు దిక్కుల నుంచి పోసి మధ్యలో కలిపితే ఆ కలిసిన చోట పోగులు ఒకదాన్నొకటి దాటవు. పగులు అక్కడే మొదలవుతుంది.

తెరిచే సమయం కూడా చూడండి. అమెరికాలో చాలాచోట్ల 97 మెగాపాస్కళ్ల బలం వచ్చాకే లారీలను వదలమంటారు. మామూలు మిశ్రమానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. సగం రోజులో కావాలంటే త్వరగా గట్టిపడే మిశ్రమం, పైన వేడి దుప్పట్లు రెండూ అవసరం. హ్యూస్టన్ ఎండలో పోసేటప్పుడు కలిపే నీటికి బదులు ఐసు వాడకపోతే మిక్సర్‌లోనే బిగుసుకుంటుంది. ఇక మీది సగం మందం ప్యానెళ్ల డెక్ అయితే, అంటే టెక్సస్‌లో మామూలైన 100 మి.మీ. ప్యానెల్ మీద 100 మి.మీ. పోత, సంగతి వేరు. ప్యానెల్ అంచుల కింద కాంక్రీట్ చేరిందా, లేక అది మెత్తటి పట్టీ మీదే నిలిచిందా చూడండి. ఫ్లోరిడాలో ఫైబర్‌బోర్డు పట్టీల మీద పెట్టిన అలాంటి డెక్కులు అంచుల దగ్గర విరిగి గుంతలు పడ్డాయి.

ప్రశ్న: మన దగ్గర వంతెనలకు ఇది పనికొస్తుందా? (కాంట్రాక్టరు, రాజమహేంద్రవరం)

జవాబు: పాత ఆర్‌సీసీ టీ-బీమ్ వంతెనలకు వద్దు. వాటిలో స్లాబ్, బీమ్ ఒకే పోత. స్లాబ్ కోస్తే బీమ్‌కు పైఫ్లాంజే పోతుంది, మిగిలిన నిలువు భాగం తన బరువునైనా మోస్తుందన్న భరోసా లేదు. స్టీల్ గర్డర్ల మీద కాంక్రీట్ డెక్ ఉన్న ఆర్‌ఓబీలకు (రైలు పట్టాల మీది రోడ్డు వంతెనలకు) బాగా సరిపోతుంది. డిజైన్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ఐఆర్‌సీ 22 ఉంది. మీ ఊరి రోడ్డు కమ్ రైలు వంతెన (1974) లాంటివాటికి ఊహ బాగానే ఉంటుంది గానీ, కింద కరెంటు తీగలతో రైళ్లు నడుస్తుంటాయి. ప్రతి లిఫ్టుకూ రైల్వే బ్లాక్ (రైళ్లు ఆపే అనుమతి సమయం) తీసుకోవాలి. ప్యానెల్ సైజును క్రేన్ కన్నా ముందు ఆ బ్లాక్ గంటలే నిర్ణయిస్తాయి.

చాలా వంతెనలకు డెక్ మార్చే ఎస్టిమేట్ వేసేముందు తారు మందం కొలవండి. మామూలు వేరింగ్ కోట్ (డెక్ మీది తారు పొర) 65 మి.మీ.: 40 బిటుమినస్ కాంక్రీట్, 25 మాస్టిక్ (నీరు చొరని తారు మిశ్రమం). పొర మీద పొర వేసి 200 మి.మీ. అయితే, 7.5 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల స్పాన్ మీద అదనంగా సుమారు 46 టన్నులు ఎప్పుడూ కూర్చునే ఉంటాయి. ఆ తారు కిందే ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (వేడికి డెక్ సాగేందుకు వదిలిన సందులు), నీటి గొట్టాల నోళ్లు కప్పుకుపోయి ఉంటాయి. ముందు తారు గీకి, గొట్టాలు తెరిచి, ఒక వర్షాకాలం పోనిచ్చి, తర్వాత స్లాబ్ అడుగున తడి మరకలు మళ్లీ చూడండి.